కాలికీ ఆది కావాలి

చిక్కడపల్లిలో ఇరవై ఏళ్లుగా లేడీస్ టైలరింగ్ చేస్తున్నాను. మిషన్ మీద కూర్చునేది తక్కువ, కటింగ్ బల్ల దగ్గర నిలబడేదే ఎక్కువ. షాపులో కింద గ్రానైట్, ఇంట్లోనూ గ్రానైటే. రెండు చోట్లా చెప్పులు వేసుకునే అలవాటు లేదు. పోయిన శ్రావణమాసం, పెళ్లిళ్ల జాకెట్ల హడావిడిలో ఉండగా ఎడమ మడమ నొప్పి మొదలైంది.

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది. గోడ పట్టుకుని నడిచేదాన్ని. పది నిమిషాలకు సర్దుకునేది కదా అని రెండు నెలలు పట్టించుకోలేదు. ఎవరో చెబితే ముళ్లముళ్లుగా ఉండే ఆక్యుప్రెషర్ చెప్పులు కొన్నాను. నాకు వాటితో ఇంకా ఎక్కువైంది. దసరా నాటికి షాపు మెట్లు దిగాలంటే ఏడుపొచ్చేది.

ఎముకల డాక్టరుగారు మడమ లోపలివైపు బొటనవేలితో నొక్కగానే అరిచేశాను. ప్లాంటార్ ఫాసియైటిస్ అన్నారు. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద గట్టి పట్టీ ఒకటి ఉంటుందట. రాత్రంతా బిగుసుకుని ఉన్నది, లేవగానే ఒక్కసారి సాగేసరికి ఆ పోటు. ఎక్స్‌రేలో ఎముక ముల్లులా పెరిగి కనిపిస్తే నాకు టెన్షన్ పట్టుకుంది. "అది నొప్పి లేనివాళ్లకూ ఉంటుందమ్మా, భయపడకండి" అన్నారు. షుగర్ పరీక్ష కూడా చేయించారు. షుగర్ వల్ల స్పర్శ తగ్గిన పాదానికి చెప్పు ఒరుసుకున్నా తెలియక పుండు పడుతుందట. నాకు షుగర్ లేదు.

చాలామందికి వ్యాయామాలు, మంచి బూట్లు, బూటు లోపల అరికాలి కింద వేసుకునే రెడీమేడ్ ఇన్‌సోల్ సరిపోతాయి, ముందు వాటితో చూద్దాం అన్నారు. మంచం దిగకముందే తువ్వాలుతో మునివేళ్లను నా వైపు లాక్కోవడం, గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం, రాత్రి ఐసు గడ్డకట్టిన నీళ్ల సీసా మీద అరికాలు దొర్లించడం. ఆరు వారాలకు సగం తగ్గి, అక్కడే ఆగిపోయింది.

అప్పుడు ఆర్థోటిస్టు దగ్గరికి, అంటే కాలికి తగ్గట్టు ఇలాంటి ఆధారాలు కొలిచి చేసే నిపుణుడి దగ్గరికి, పంపారు. ఆయన ముందు నా పాత చెప్పులు తిరగేసి చూశారు. ఎడమది లోపలి అంచున బాగా అరిగిపోయి ఉంది. తరువాత అటూ ఇటూ నడిపించారు. ఎడమ పాదం వంపు బరువు పడగానే పూర్తిగా కిందికి దిగిపోతోంది, కుడిది నిలబడుతోంది. రెండు పాదాలూ వేరు వేరుగా ఉంటే జతగా అమ్మేది రెంటికీ ఎలా సరిపోతుంది? ఆది జాకెట్టు లేకుండా సైజు నంబరు చూసి కుట్టమంటే నేను ఒప్పుకోను. కాలి విషయంలో మాత్రం ఆ ఆలోచనే రాలేదు.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మడమ నిటారుగా ఉండేలా పట్టుకుని, పెట్టెలోని ఫోమ్‌లోకి పాదాన్ని నెమ్మదిగా నొక్కారు. ఆ అచ్చును బట్టి వంపు కింద గట్టిగా, మడమ దగ్గర గిన్నెలా లోతుగా, పైన మెత్తగా ఇన్‌సోల్స్ చేశారు. మొదటిరోజు గంటే వేసుకోవాలి, రోజుకో గంట పెంచాలి. నాలుగోరోజుకు ఎడమ వంపు కింద ఒత్తుకుంటే మళ్లీ వెళ్లాను. అక్కడ కాస్త అరగదీసి ఇచ్చారు. ఆల్టరేషన్ మనకు కొత్తా!

ఇవి హవాయి చెప్పుల్లో ఇమడవు. మడమ వెనక గట్టిగా ఉండి, లోపలి ఇన్‌సోల్ ఊడివచ్చే బూట్లు కావాలి. ఇంటికోసం విడిగా ఒక జత కొన్నాను. "ఇంట్లో చెప్పులేంటమ్మా?" అని అత్తయ్య మొదట నొచ్చుకున్నారు. నేను గోడ పట్టుకుని నడవడం చూసినావిడే కదా, రెండురోజులకు "దేవుడి గది ముందు విప్పు, చాలు" అన్నారు. బయటి దుమ్ము తగలకుండా ఆ జతను ఇప్పుడు ఆవిడే విడిగా పెడతారు.

ఐదు నెలలైంది. పొద్దున గోడ పట్టుకోవడం లేదు. వ్యాయామాలు మానలేదు, మానితే వారంలో పిక్కలు బిగుస్తాయి. ఈమధ్య ఒక పెళ్లిలో నాలుగు గంటలు పట్టీ చెప్పులతో తిరిగితే మర్నాడు మడమ మళ్లీ సలిపింది.

కొలతలకు నిలబడ్డవాళ్ల కాళ్లవైపు నా చూపు పోతోంది ఇప్పుడు. పోయినవారం చీరల షాపులో పనిచేసే అమ్మాయి ఒకతె బరువంతా ఒక కాలిమీదే వేసి నిలబడింది. పొద్దున లేవగానే నొప్పా అని అడిగాను. అవునంది. టేపు పక్కన పెట్టి, ముందు కూర్చోమన్నాను.