పైలట్ నిద్ర మన ప్రాణం

2025 డిసెంబర్‌లో శంషాబాద్‌లో ఇండిగో ఫ్లైట్ రద్దయి, సూట్‌కేసు మీదే కూర్చుని ఇడ్లీ తిన్నవాళ్లలో నేనూ ఉన్నాను. పక్కనున్న పెద్దాయన "పైలట్లకి రెస్టు ఎక్కువైందండీ, అందుకే మనకీ తిప్పలు" అన్నారు. 2010 మంగళూరు ప్రమాదం గుర్తుచేశాను. 158 మంది పోయారు. కాక్‌పిట్ రికార్డింగులో కెప్టెన్ గురక వినిపించిందని విచారణలోనే తేలింది. "అమ్మో, అయితే పడుకోనివ్వండి బాబూ!" అని రైలు టికెట్లు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

నిజానికి ఆ పైలట్ల విశ్రాంతి రూల్స్ రాత్రికి రాత్రి ఊడిపడలేదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలోనే ప్రకటించింది. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరగాలి, రాత్రి డ్యూటీలో ల్యాండింగులు 6 నుంచి 2కి తగ్గాలి. పైలట్ల సంఘాలు కోర్టు దాకా వెళ్తేగానీ 2025 జూలైలో కొన్ని, నవంబర్‌లో మిగతావి అమల్లోకి రాలేదు. అంత గడువిచ్చినా సరిపడా పైలట్లను పెట్టుకోకపోతే తప్పు నిద్రదా? తీరా గొడవయ్యాక జరిగిందేంటంటే, సిద్ధం కాని ఇండిగోకే రాత్రి డ్యూటీ నిబంధనలు 2026 ఫిబ్రవరి దాకా సడలించారు. ముందే సర్దుకున్నవాళ్లకి ఏం చెబుతారో మరి!