షడ్జమం ఎక్కడుందో తెలియక: బ్లూస్ వేదిక ఎక్కేదాకా నా అనుభవం

నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకు ఇల్లినాయ్‌లోని ఒక చిన్న ఊరి వేసవి బ్లూస్ (ఆఫ్రికన్ అమెరికన్ల జానపద సంగీతం) ఉత్సవంలో నలభై నిమిషాలు హార్మోనికా, అంటే మౌత్ ఆర్గాన్, వాయించాను. ఎండ మండిపోతోంది. మడతకుర్చీల్లో మహా అయితే అరవై మంది ఉంటారు. అయినా అది ఉత్సవ వేదిక. మా బ్యాండులో అయిదుగురికీ కలిపి మూడు వందల డాలర్లు ఇచ్చారు. నా వాటా అరవై డాలర్లూ ఇంటికి రాగానే అమ్మ చేతిలో పెట్టాను. దీనికి మూడేళ్లు పట్టింది.

మొదటి మెట్లు తేలికగానే గడిచాయి. తాతయ్య ఇచ్చిన మౌత్ ఆర్గాన్‌తో తెనాలిలో సినిమా పాటలు వాయించేవాణ్ణి. అమ్మకు నర్సు ఉద్యోగం వచ్చి పదమూడో ఏట షికాగో వచ్చాం. ఇక్కడ బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాత రికార్డుల్లో లిటిల్ వాల్టర్ హార్మోనికా విన్నాక నాకు మరో సంగీతం రుచించలేదు. ఇరవై ఒకటి నిండేదాకా చాలా క్లబ్బులు లోపలికి రానివ్వవు కాబట్టి ఇంట్లోనే సాధన చేశాను. వీడియో పాఠాలు చూసి వేగం బాగా సంపాదించాను. ఆ పాఠాల మీద నాకు ఇప్పటికీ కోపమే. వేగం నేర్పినవారు ఎవరూ ఎప్పుడు ఆగాలో నేర్పలేదు.

ఇక ఆ రాత్రి. షికాగోలోని కొన్ని క్లబ్బుల్లో వారానికి ఒకసారి జామ్, అంటే ఎవరైనా వచ్చి బ్యాండుతో కలిసి వాయించే కచేరీ, జరుగుతుంది. కాగితం మీద పేరు, వాయిద్యం రాసి కూర్చుంటే క్లబ్బు బ్యాండు నాయకుడు ఒక్కొక్కరినీ పిలుస్తాడు. ఎనిమిదింటికి పేరు రాశాను. పన్నెండుంపావుకు పిలుపు వచ్చింది. నాయకుడు నా వైపు తిరిగి “ఇ” అన్నాడు. పాట ఇ శ్రుతిలో అని అర్థం, ఇక్కడ శ్రుతులకు ఇంగ్లీషు అక్షరాలే పేర్లు. హార్మోనికాను బ్లూస్‌లో హార్ప్ అంటారు, ఒక్కో శ్రుతికి ఒక్కోటి ఉంటుంది. నేను ధీమాగా సంచిలోంచి ఇ హార్ప్ తీశాను.

గాయకుడు పాడుతున్నంతసేపూ వెనకాలే వాయించాను. బ్లూస్ పాటలో ఒక చుట్టుకు సాధారణంగా పన్నెండు ఆవర్తనాలు. ఆ పన్నెండూ నాకు వదిలారు. అవి అయిపోయినా ఆపలేదు. నాయకుడు ఏదో సైగ చేశాడు, నన్ను మెచ్చుకుంటున్నాడనుకున్నాను. కళ్లు మూసుకుని ఊగిపోతూ ఇంకా వాయించాను. చివర్లో చప్పట్లు వినిపిస్తే వంగి నమస్కారం కూడా పెట్టాను.

మర్నాడు ఉదయం స్నేహితుడు ఫోనులో తీసిన వీడియో పంపాడు. అందులో మొదటి నిమిషం తరువాత నా హార్మోనికా లేదు. నాయకుడు అరచేయి కిందికి దించి చూపగానే సౌండ్ మనిషి నా మైకు ఆపేశాడు. ఆయన సైగ నాకు కాదు. నోటికి ఆనించిన వాయిద్యం మన ఎముకల్లోనే మోగుతుంది కాబట్టి నాకు తెలియలేదు. గది అంతా చూస్తుండగా మూడు నిమిషాలకు పైగా మూగబొమ్మలా ఊగాను. ముందు వరుసలో ఇద్దరు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకోవడం కూడా ఆ వీడియోలో ఉంది. దాన్ని ఆ రోజు పదిసార్లు చూశాను. అన్నం తినలేదు. అమ్మ అడిగితే తలనొప్పి అన్నాను.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఆ నాయకుణ్ణి ఈనాటికీ క్షమించలేదు. పాట అయ్యాక పక్కకు పిలిచి ఒక్క మాట చెబితే ఆయన సొమ్మేమీ పోయేది కాదు. నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాడి గొంతు నొక్కి, వాడికి చప్పట్లు కొట్టనివ్వడం పెద్దరికం కాదు.

రెండు వారాలు అటు వెళ్లలేదు. మూడో వారం పేరు రాయకుండా వెనక గోడ దగ్గర నిలబడ్డాను. డ్రమ్స్ వాయించే పెద్దాయన విరామంలో నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చారు. “ఆ రోజు ఏ హార్ప్ పట్టుకున్నావు బాబూ?” అన్నారు. ఇ అన్నాను. “ఇ పాటకు ఎ హార్ప్ పట్టుకోవాలి. పాట శ్రుతిని ఒకటిగా పెట్టుకుని నాలుగు లెక్కపెట్టు, అదే నీ హార్ప్. ఊదడం తగ్గించు, పీల్చడం నేర్చుకో. మనిషి పాడుతుంటే నోరు మూసుకో” అన్నారు. అంతే, వెళ్లిపోయారు.

నాలుగే ఎందుకో ఆ రాత్రి తెనాలికి ఫోను చేశాకగాని అర్థం కాలేదు. అమ్మమ్మ పాతికేళ్లు పిల్లలకు సంగీతం చెప్పింది. హార్ప్ ఫోను దగ్గర పెట్టి వాయించి వినిపించాను. “ఇది శంకరాభరణం రా. దీని పంచమాన్ని షడ్జమం చేసుకుంటే హరికాంభోజి వస్తుంది. గ్రహభేదం అంటే ఇదే కదా” అంది. షడ్జమం అంటే స, పంచమం అంటే ప. ఎ హార్ప్‌కు పంచమం ఇ! రెండో రంధ్రంలో గాలి పీలిస్తే పలికేది అదే. ఆ రాత్రి బ్యాండు కైశికి నిషాదం (తగ్గు ని) మీద నిలబడితే నేను కాకలి నిషాదం (హెచ్చు ని) ఊదుతూ కూర్చున్నాను. ఇక మూడో రంధ్రంలో పీలుస్తూ నాలుక వంచితే అంతర గాంధారం (హెచ్చు గ) సాధారణ గాంధారం (తగ్గు గ) వైపు జారుతుంది. ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఆపితేనే అది బ్లూస్. ఆ చోటు దొరకడానికి నాకు అయిదు నెలలు పట్టింది. షఫుల్ అనే బ్లూస్ లయ నడక కూడా అమ్మమ్మే తకిట చెప్పి, నడిమి అక్షరాన్ని మింగించి నేర్పింది. షికాగో బ్లూస్ మొదటి పాఠం నేను తెనాలి నుంచి నేర్చుకున్నానని గర్వంగా చెబుతాను.

మళ్లీ జామ్‌కు వెళ్లి మొదటి నెలంతా ఒక్కో పాటలో నాలుగైదు స్వరాలకు మించి వాయించలేదు. గాయకుడు ఊపిరి తీసుకునే ఖాళీలో మాత్రమే పలికాను. డ్రమ్స్ పెద్దాయన కొత్త బ్యాండు కడుతున్న ఒక గిటారు కుర్రవాడికి నా పేరు చెప్పారు. మెంఫిస్‌లో జరిగే అంతర్జాతీయ బ్లూస్ పోటీకి స్థానిక సంఘాలు తమ పోటీల్లో గెలిచినవారిని పంపుతాయి. మేము స్థానిక పోటీలోనే ఓడిపోయాం. అయినా అక్కడ మమ్మల్ని విన్న ఒకావిడ ఈ ఉత్సవానికి పిలిచారు. పోటీ గెలవడానికే కాదు, వినబడడానికి కూడా వెళ్లాలి.

కొత్తగా మొదలుపెట్టేవారు అన్ని శ్రుతుల హార్ప్‌లూ ఒకేసారి కొనవద్దు. ఒక్కొక్కటి యాభై డాలర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఎ, సి, డి, ఎఫ్ చాలు. ఇ, జి, ఎ, సి పాటలు నడుస్తాయి. విద్యార్థి వీసా మీద ఇక్కడున్న మన పిల్లలు క్లబ్బులో ఒక్క డాలరు అందుకునే ముందు కూడా కాలేజీలోని విదేశీ విద్యార్థుల కార్యాలయంలో అడగండి. ఊరికే వాయించినా అడగవలసిన సందర్భాలున్నాయి. పాట కోసం వీసా పోగొట్టుకోకండి. “దీనివల్ల ఏమొస్తుంది” అని విందుల్లో అడిగే పెద్దలకు జవాబు చెప్పనక్కరలేదు. నేను మానేశాను.

నిన్న మూడో పాట ఇ శ్రుతిలోనే వచ్చింది. ఎ హార్ప్ తీశాను. పన్నెండు ఆవర్తనాలు వాయించి పదమూడో దాని మొదటి దెబ్బకు మైకు దించేశాను. గిటారు కుర్రవాడు మరో పన్నెండు వాయించమని తల ఊపాడు. అప్పుడే మళ్లీ ఎత్తాను.

చివరి పాటలో ఎఫ్ హార్ప్ నాలుగో రంధ్రం పీల్చినప్పుడు శ్రుతి దిగిపోయింది. రీడు (లోపల మోగే లోహపు పట్టీ) అలిసిపోయినట్టుంది. వచ్చే శనివారం ఇంకో ఊళ్లో వాయించాలి, ఈలోగా కొత్తది తెప్పించుకోవాలి. వీడియో అమ్మమ్మకు పంపాను. అక్కడ ఇంకా తెల్లవారలేదు.