ఎవరెవరి బలమో

బడి రోజుల గురించి రాయమని సంచిక సంపాదకవర్గం అడిగింది. ఆ రోజుల గురించి మీలో చాలామంది నాకంటే బాగా రాస్తారు. నేను రాయవలసింది వేరే ఉంది. జబ్బు నుంచి లేచాక విరాళాల పరుగులో పాల్గొంటున్నానని మన బ్యాచ్ వాళ్లకు కబురు పెట్టినప్పుడు, ఏళ్ల తరబడి పలకరింపు కూడా లేనివాళ్లు సైతం డబ్బు పంపారు. కొందరు పేరు కూడా రాయలేదు. అసలు నాకు వచ్చిన జబ్బేమిటో, ఆ డబ్బు ఎందుకు అడిగానో, చివరికి అది ఎక్కడికి చేరిందో మీకు ఎవరికీ పూర్తిగా తెలియదు. తెలుసుకునే హక్కు మాత్రం మీకుంది.

నాకు వచ్చింది గులియన్-బారే సిండ్రోమ్. డాక్టర్లు జీబీఎస్ అంటారు. 1916లో గులియన్, బారే, స్ట్రోల్ అనే ముగ్గురు ఫ్రెంచి వైద్యులు ఇద్దరు సైనికులలో చూసిన లక్షణాలను వివరించడంతో దీనికి ఆ పేరు స్థిరపడింది. ఏడాదికి లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది. చాలామందిలో దీనికి ముందు జలుబో విరేచనాలో వచ్చి తగ్గిపోతాయి. ఆ సూక్ష్మజీవితో పోరాడడానికి పుట్టిన రోగనిరోధక శక్తి, పని అయిపోయాక ఊరుకోకుండా సొంత నరాల మీదికే తిరుగుతుంది. నరం చుట్టూ ఉండే మైలిన్ పొర దెబ్బతింటుంది, ఒక్కోసారి నరమే దెబ్బతింటుంది. మెదడు బాగానే ఉంటుంది, కండరమూ బాగానే ఉంటుంది, ఆ రెంటి మధ్య కబురు నడవదు. సాధారణంగా పాదాల్లో మొదలై పైకి పాకుతుంది.

నాకూ అలాగే అరికాళ్లలో తిమ్మిరితో మొదలైంది. మొదట చూపించుకున్న చోట నీరసమన్నారు, మాత్రలు రాసిచ్చారు. మర్నాటికి మెట్లు ఎక్కలేకపోయాను. ఆ తర్వాత కుర్చీలోంచి లేవడమే కష్టమైంది. రెండోసారి చూసిన డాక్టరు నా మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టారు. కాలు ఎగరలేదు. ఇంకో కాలి మీద కొట్టారు. అదీ ఎగరలేదు. ఆయన ఇంకేమీ అడగకుండా అంబులెన్సు పిలిపించారు. ఆ నిమిషం ఆయన చూపిన తొందరే నన్ను బతికించిందని ఇప్పటికీ నమ్ముతాను.

ఇంటెన్సివ్ కేర్‌లో నర్సు మాటిమాటికీ వచ్చి, ఒక్కసారి నిండా ఊపిరి తీసుకుని, మళ్లీ తీసుకోకుండా ఎంతవరకు లెక్కపెట్టగలనో పెట్టమనేవారు. జబ్బు ఊపిరి కండరాల దాకా పాకుతోందా లేదా అని మంచం పక్కనే తేల్చే పరీక్ష అది. ఆరోగ్యంగా ఉన్న మనిషి యాభై దాకా వెళ్లగలడు. ఇరవై దాటకపోతే డాక్టర్లు అప్రమత్తమవుతారు. లెక్కపెడుతున్నప్పుడల్లా నాకు మన మైదానంలో చెడుగుడు ఆట గుర్తొచ్చేది. గుక్క తిప్పుకోకుండా కూత పెట్టి, అవతలి జట్టులో ఒకరిని తాకి, గీత దాటి వచ్చేయాలి. డ్రిల్లు మాస్టారు గీత పక్కన కాస్త ముందుకు వంగి నిలబడి, కళ్లతో కాకుండా చెవులతో ఆట చూసేవారు. అంత గోలలోనూ ఎవరి కూత ఎక్కడ తెగిందో ఆయనకు తెలిసిపోయేది. మంచం మీద నేను అంకెలు చదవడం లేదని, కూత పెడుతున్నానని అనుకునేదాన్ని. అది పూటపూటకూ ముందుగా తెగిపోతూ వచ్చింది. ఒక సాయంత్రం మొదటి పదిలోనే తెగింది. ఆ రాత్రి వెంటిలేటర్ అమర్చారు. ఈ జబ్బు వచ్చినవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి ఆ అవసరం పడుతుందట.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. గొంతులో గొట్టం ఉండి, చేయీ కాలూ కదలక పడి ఉన్న మనిషికి ఏమీ తెలియదని చాలామంది అనుకుంటారు. ఈ జబ్బులో తెలివి చెక్కుచెదరదు. మంచం పక్కన నిలబడి మాట్లాడుకున్న ప్రతి మాటా నాకు వినిపించింది. మా తమ్ముడికి మాత్రం అది అర్థమైంది. వాడు ఒక అట్ట మీద వర్ణమాల రాసుకొచ్చి ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టేవాడు. కావలసిన అక్షరం దగ్గర నేను కన్ను ఆర్పేదాన్ని. అలా నేను చెప్పిన మొదటి మాట "నడుము". జబ్బు నరాల మూలాల దగ్గర పెట్టే నొప్పి భరించరానిది. అది ఎవరికీ చెప్పుకోలేకపోవడం అంతకన్నా భరించరానిది. వాడు వెంటనే నర్సును పిలిచాడు. నన్ను పక్కకు తిప్పి దిండు పెట్టారు, నొప్పికి మందు ఇచ్చారు. మీలో ఎవరైనా ఆసుపత్రిలో ఇలాంటి మనిషిని చూడడానికి వెళ్తే వాళ్ల గురించి కాదు, వాళ్లతో మాట్లాడండి.

నాకిచ్చిన మందు ఇమ్యునోగ్లోబ్యులిన్. రంగులేని ద్రవం, సీసాలలో వస్తుంది. శరీర బరువును బట్టి కిలోకు 2 గ్రాముల చొప్పున, మామూలుగా 5 రోజులకు పంచి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అంతకుముందు ఈ జబ్బుకు పనిచేస్తుందని రుజువైన చికిత్స ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, మార్పిడి ఒక్కటే. ఈ మందు కూడా దానికి దీటుగా పనిచేస్తుందని 1992లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రచురించిన పరీక్షలో తేలింది. అది ఎలా తయారవుతుందో అక్కడి యువ డాక్టరు ఒకరు ఓపికగా చెప్పారు. మనుషులు దానం చేసిన ప్లాస్మా నుంచి యాంటీబాడీలను వేరుచేసి చేస్తారు. ఒక్కొక్క తయారీలో వేలమంది దాతల ప్లాస్మా కలుస్తుంది.

వేలమంది! కదలకుండా పైకప్పు చూస్తూ ఆ మాటే తలుచుకునేదాన్ని. ఎప్పుడో ఎక్కడో ఎవరో కాసేపు చేయి చాచి పడుకుని ఇచ్చింది నా రక్తంలోకి వెళ్తోంది. వాళ్లకు నేనెవరో తెలియదు, నాకు వాళ్లెవరో తెలియదు. ఎవరి చేయీ పట్టుకుని కృతజ్ఞత చెప్పే వీలు లేదు. ఆ తర్వాత నేను పరుగెత్తిన ప్రతి అడుగుకూ మూలం అక్కడే ఉంది.

కోలుకోవడం గురించి నాకు నచ్చని మాట ఒకటుంది. "నీ పట్టుదలే నిన్ను నిలబెట్టింది" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ అది నిజం కాదు, పైగా అన్యాయం. నా పక్క మంచంలో ఉన్నావిడకు నాకంటే ఎక్కువ పట్టుదల ఉంది. ఆవిడ నరాలు లోపలి దాకా దెబ్బతిన్నాయి, అందుకే కోలుకోవడం నాకంటే చాలా ఆలస్యమైంది. తెగిన నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. ఎంత కోరుకున్నా ఆ వేగం మారదు. పాదాలు అన్నిటికంటే దూరం కాబట్టి అవి చిట్టచివర మేలుకుంటాయి. నేను లేచి నిలబడ్డాక కూడా పాదం ముందుభాగం పైకి లేచేది కాదు, వేళ్లు నేలకు రాసుకునేవి. బూటులోపల పెట్టుకునే ప్లాస్టిక్ ఊత ఒకటి ఇచ్చారు. అరికాలి నుంచి పిక్క దాకా వచ్చి పాదాన్ని ఎత్తి పట్టే పరికరం. దాంతోనే మళ్లీ నడక నేర్చుకున్నాను.

ఫిజియోథెరపిస్టు మొదటి రోజే ఒక నియమం పెట్టారు. అలసిపోయే దాకా చేయకూడదు. తిరిగి కూడుకుంటున్న నరాలను మితిమీరి శ్రమ పెడితే వచ్చిన బలం కూడా వెనక్కి పోవచ్చు. కాబట్టి "ఇంకొంచెం, ఇంకొంచెం" అని తరిమే సాధన కాదు మాది. ఇంకా చేయగలను అనిపించినప్పుడే ఆపేసే సాధన. బడిలో గెలుపు గీత దాకా ఊపిరి బిగబట్టి పరుగెత్తడం నేర్చుకున్న నాకు ఈ కొత్త చదువు చాలా కష్టంగా వచ్చింది.

టెర్రీ ఫాక్స్ సంగతి నాకు చెప్పింది కూడా ఆ ఫిజియోథెరపిస్టే. కెనడా యువకుడు. ఎముక క్యాన్సర్ వల్ల 1977లో, 18 ఏళ్ల వయసులో, కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. క్యాన్సర్ పరిశోధనకు డబ్బు కూడగట్టడానికి 1980 ఏప్రిల్ 12న దేశం తూర్పు కొస నుంచి కృత్రిమ కాలితో పరుగు మొదలుపెట్టాడు. రోజుకు దాదాపు ఒక మారథాన్ దూరం, అంటే 42 కిలోమీటర్లు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక, క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో సెప్టెంబరు 1న ఆగిపోవలసి వచ్చింది. మరుసటి ఏడాది జూన్‌లో, 22 ఏళ్లకే చనిపోయాడు. అందరూ ఆ అబ్బాయి ధైర్యం గురించి మాట్లాడతారు. నన్ను కదిలించింది అతను అడిగిన మొత్తం. దేశంలో ఒక్కొక్కరి నుంచి ఒక్క డాలరు. అప్పటి కెనడా జనాభా సుమారు 2 కోట్ల 40 లక్షలు. 1981 ఫిబ్రవరి నాటికి విరాళాలు ఆ సంఖ్యను దాటాయి. పరుగు చివరిదాకా చేరలేదు, డబ్బు చేరింది. అతని పేరు మీద ఇప్పటికీ చాలా దేశాల్లో ఏటా పరుగు జరుగుతుంది. అందులో పోటీ లేదు, బహుమతులు లేవు. నడిచేవాళ్లూ రావచ్చు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లూ రావచ్చు.

అది విన్నాకే నాలో ఒక ఆలోచన నిలిచింది. నాకు ఇచ్చినవాళ్లకు నేను తిరిగి ఇవ్వలేను. కానీ వాళ్లు నాకిచ్చినట్టే, నేనెవరో తెలియని మనిషికి నేనూ ఇవ్వగలను.

ఇంటికి వచ్చిన చాలాకాలం తర్వాత, నరాల డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాను. ఒక దీపస్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా మెల్లగా పరుగు, ఆ తర్వాత రెండు స్తంభాల దూరం నడక. మర్నాడు పూర్తిగా విశ్రాంతి. కాళ్లలో నీరసం కనిపిస్తే ఆ వారమంతా నడకే. నా అరికాళ్లలో స్పర్శ ఇప్పటికీ పూర్తిగా రాలేదు. పాదం నేలను తాకిందో లేదో కళ్లు చెబితేనే తెలుస్తుంది. అందుకే చీకట్లో పరుగెత్తను, గతుకుల బాట మీద పరుగెత్తను.

పెద్ద పరుగు పందేల్లో నిర్వాహకులు కొన్ని స్థానాలను సేవాసంస్థలకు కేటాయిస్తారు. ఆ స్థానం తీసుకున్నవాళ్లు ఇంత మొత్తం కూడగడతామని సంస్థకు మాట ఇస్తారు. నేను ఎంచుకున్నది, నరాల జబ్బులతో మంచాన పడి ఇల్లు చేరినవాళ్లకు ఇంటి దగ్గరే ఫిజియోథెరపీ చేయించి, నడక పరికరాలు ఉచితంగా ఇచ్చే చిన్న సంస్థ. ఆసుపత్రి ప్రాణం నిలుపుతుంది. ఆ తర్వాత నెలల తరబడి సాగే పని ఎవరి కంటా పడదు, చాలామంది ఆ దశలోనే డబ్బు లేక ఆగిపోతారు. నాకు ఆ దశలో అన్నీ దొరికాయి. దొరకనివాళ్లను అదే వార్డులో చూశాను.

డబ్బు అడగడం పరుగుకంటే కష్టం. కబురు రాసి, చాలాసేపు పంపకుండా కూర్చున్నాను. పంపిన కాసేపటికే మీ జవాబులు రావడం మొదలైంది. ఎనిమిదో తరగతిలో నాతో ఒక ఏడాదంతా మాట్లాడని నేస్తం అందరికంటే ముందు పంపింది. మన డ్రిల్లు మాస్టారికి ఎవరు చెప్పారో, స్వయంగా ఫోను చేసి, "మడమ మీద పడకు, పాదం మధ్యలో పడు, భుజాలు వదిలేయి" అని చెప్పారు. అంత వయసులో, అన్నేళ్ల తర్వాత, నేను భుజాలు బిగించి పరుగెత్తుతానని ఆయనకు గుర్తుంది. ఫోను పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను.

ఆ రోజు పరుగు 10 కిలోమీటర్లు. చాలామంది చొక్కా వెనక ఎవరి కోసం పరుగెత్తుతున్నారో ఆ పేరు రాసుకుంటారు. నాకు రాయడానికి పేర్లు లేవు. "పేరు తెలియని దాతల కోసం" అని రాసుకున్నాను. సగం దూరం దాటాక ఒకాయన వెనక నుంచి అది చదివి, నా పక్కకు వచ్చి, ఎవరు వాళ్లని అడిగారు. ఊపిరి చిక్కినంత మేర చెప్పాను. ఆయన చొక్కా మీద ఆయన తల్లి పేరు ఉంది. ఆవిడ గురించి ఆయనా చెప్పారు. ఆ తర్వాత ఆయన తన వేగం తగ్గించుకుని చివరిదాకా నాతోనే వచ్చారు. నేను నడిచినప్పుడు నడిచారు. గీత దాటేసరికి మైదానంలో కుర్చీలు సర్దుతున్నారు. అయినా అక్కడున్నవాళ్లు ఆగి చప్పట్లు కొట్టారు.

ఇక లెక్క. మీరిచ్చినదంతా సంస్థకు చేరింది. రశీదుల నకళ్లు మన పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. ఎక్కువ భాగం ఇళ్లకు వెళ్లే ఫిజియోథెరపిస్టుల జీతాలకు, మిగిలింది పాదాన్ని ఎత్తి పట్టే ఊతలకు ఖర్చయింది. నాకు వచ్చిన జబ్బే వచ్చిన ఒక కుర్రాడికి అలాంటి ఊత ఒకటి అందింది. కాలు బాగుపడ్డాక అతను దాన్ని శుభ్రంగా తుడిచి, తన పాదం కొలత రాసిన చీటీ అంటించి, అదే కొలత ఉన్న ఇంకొకరికి ఇవ్వమని సంస్థకు తిరిగి పంపాడు. అది ఇప్పుడు ఎవరి కాలికి ఉందో నాకు తెలియదు.

ఒక విన్నపం. మీ ఇంట్లో ఎవరికైనా రెండు పాదాల్లోనూ తిమ్మిరి వచ్చి, బలహీనత రోజుల్లోనే పైకి పాకుతూ ఉంటే, నీరసమని ఆగవద్దు. నరాల వైద్యులు, వెంటిలేటర్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి అదే రోజు తీసుకువెళ్లండి. ఈ జబ్బులో మందు ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది.

ఈసారి సమ్మేళనం రోజు ఉదయం మన బడి మైదానం నుంచే 5 కిలోమీటర్ల పరుగు పెట్టాలని సంఘం అనుకుంటోంది. వచ్చే విరాళాలు అదే సంస్థకు వెళ్తాయి. నడిచేవాళ్లు ముందు బయలుదేరుతారు, నేను వాళ్లతో ఉంటాను. కొత్త బూట్లు కొనుక్కుని ఆ రోజే వేసుకోకండి, కాళ్లకు అలవాటైన పాతవి వేసుకుని రండి. గుండె జబ్బు, షుగరు ఉన్నవాళ్లు ముందుగా మీ డాక్టరును అడగండి. పేర్లు కార్యదర్శికి ఇవ్వండి. డ్రిల్లు మాస్టారు ఈల ఊదడానికి ఒప్పుకున్నారు.