జంట ఫోటాన్లకు తేడా లేకుండా చేయడం: తిరుపతి ల్యాబ్ అనుభవం

రెండు ఫోటాన్లకు (కాంతి కణాలకు) ఏ తేడా లేకపోతే, బీమ్ స్ప్లిటర్ (కాంతిని రెండు దారులుగా చీల్చే పరికరం) దగ్గర కలిసిన రెండూ ఒకే వైపు బయటికొస్తాయి. అప్పుడు రెండు వైపులా డిటెక్టర్లు ఒకేసారి పట్టే లెక్క, అంటే కోయిన్సిడెన్స్‌లు, పడిపోయి గ్రాఫ్‌లో గుంట కనబడుతుంది. తిరుపతి ఎండల్లో ఈ హాంగ్-ఓ-మాండెల్ ప్రయోగం పెట్టేవాళ్లు ముందు చూసుకోవాల్సింది క్రిస్టల్ ఓవెన్ (క్రిస్టల్‌ను ఒకే వేడిలో ఉంచే పెట్టె). 405 నానోమీటర్ల లేజర్‌ను టైప్-2 పీపీకేటీపీ (లంబ పోలరైజేషన్ల జంటనిచ్చే క్రిస్టల్) లోకి పంపితే 810 నానోమీటర్ల దగ్గర జంట ఫోటాన్లు వస్తాయి. రెండింటి తరంగదైర్ఘ్యం కచ్చితంగా కలిసేది మాత్రం ఒక్క ఉష్ణోగ్రత దగ్గరే. అది 30 డిగ్రీలైతే, కరెంటు పోయి ఏసీ ఆగిన మధ్యాహ్నం గదే అంతకంటే వేడెక్కుతుంది. వేడి చేయడం తప్ప చల్లబరచడం రాని ఓవెన్ చేతులెత్తేస్తుంది. క్రిస్టల్ ఆర్డరిచ్చేటప్పుడే 45 డిగ్రీల సెల్సియస్ చుట్టూ కలిసేలా పోలింగ్ పీరియడ్ (క్రిస్టల్ లోపలి పొరల దిశ తిరగబడే దూరం) అడగడం మేలు.

తర్వాత నేను పట్టుకునేది పోలరైజేషన్ (కాంతి కంపించే దిశ). డిలే (ఒక ఫోటాన్ దారి పొడవు మార్చి రెండూ ఒకేసారి చేరేలా సర్దడం) జోలికి అప్పుడే పోను, పోలరైజేషన్లు లంబంగా ఉంటే ఎంత వెతికినా గుంట కనబడదు మరి. టైప్-2లో ఒకటి అడ్డం, ఒకటి నిలువు. ఒక దారిలో హాఫ్‌వేవ్ ప్లేట్‌ను (పోలరైజేషన్ దిశ తిప్పే పలకను) 45 డిగ్రీలకు తిప్పితే సరిపోతుంది గానీ, ఫైబర్‌లోకి వెళ్లగానే లెక్క చెదురుతుంది. అందుకే ఫైబర్ బీమ్ స్ప్లిటర్ తర్వాత పోలరైజర్ పెట్టి, ఒక దారి మూసి, రెండోదాని ప్యాడిల్స్ (ఫైబర్‌ను మెలితిప్పి పోలరైజేషన్ మార్చే రెక్కలు) తిప్పుతూ కౌంట్లను అట్టడుక్కి తెస్తాను. పోలరైజర్ కదపకుండా మొదటి దారికీ అదే. 20 డిగ్రీల తేడా మిగిలితే విజిబిలిటీ (గుంట లోతు శాతం) 88 శాతం దాటదు. 45:55 స్ప్లిటర్‌తో పోయేది 2 శాతమే, దానికోసం డబ్బు పోయనక్కర్లేదు. ఫైబర్లను బల్లకు టేపుతో అంటించి, ఏసీ గాలి తగలకుండా మూత పెట్టాలి.

ఇక డిలే. 3 నానోమీటర్ల ఫిల్టర్‌తో గుంట వెడల్పు సుమారు 0.2 మిల్లీమీటర్లు. ఫైబర్ పొడవుల్లో సెంటీమీటరు తేడా ఉంటే గాలిలో దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు వెతకాలి. మొదట 1 నానోమీటరు ఫిల్టర్ పెడితే కౌంట్లు తగ్గినా గుంట మూడింతలవుతుంది, త్వరగా దొరుకుతుంది. కోయిన్సిడెన్స్‌లతో పాటు సింగిల్స్ (ఒక్కో డిటెక్టర్ విడి లెక్క) కూడా తగ్గితే అది గుంట కాదు, డిలే మార్చే స్టేజ్ కదలికకు ఫైబర్‌లోకి కాంతి చేరడం (కప్లింగ్) తప్పిందన్నమాట. యాక్సిడెంటల్స్ (జంట కాని ఫోటాన్లు యాదృచ్ఛికంగా ఒకేసారి పడటం) తీసేయకముందు, తీసేశాక విజిబిలిటీ రెండూ రాసుకోవాలి: సెకనుకు చెరో 50,000 కౌంట్లు, 3 నానోసెకన్ల విండో (ఒకేసారి అని లెక్కించే వ్యవధి) అంటే సెకనుకు 7.5 ఉత్తుత్తివే.

1987లో హాంగ్, ఓ, మాండెల్ చూపింది ఈ గుంటే. 50 శాతం దాటిన విజిబిలిటీ క్లాసికల్ కాంతికి రాదు. అయితే జంటలో 98 శాతం వచ్చినంత మాత్రాన, వేర్వేరు క్రిస్టల్స్ నుంచి వచ్చిన ఫోటాన్లు కలుస్తాయని కాదు. సీడబ్ల్యూ పంపుతో (ఆగకుండా వెలిగే లేజర్‌తో) జంటలోని రెండింటి ఫ్రీక్వెన్సీలు ముడిపడే ఉంటాయి. ఆ ముడి విప్పడానికి పల్స్ పంపు (చిన్న చిన్న మెరుపులుగా వెలిగే లేజర్), దానికి తగ్గ ఫిల్టర్లు కావాలి.