కదిలే ఫోన్‌కు మల్టీకాస్ట్ తెగకుండా అందించడం: నా అనుభవం

ఒకే ప్రత్యక్ష ప్రసారాన్ని ఎందరో ప్రయాణిస్తూ చూస్తున్నప్పుడు, బేస్ స్టేషన్ మారిన ప్రతిసారీ చిత్రం ఆగిపోకుండా చూడడం మా ప్రయోగశాలలో నాకు అప్పగించిన పని. ఒక్కొక్కరికీ విడిగా యూనికాస్ట్‌లో పంపితే ఈ సమస్య తలెత్తదు గానీ, ఒకే ప్యాకెట్‌ను చూసేవారి సంఖ్యకు సమానంగా పంపవలసి వస్తుంది. మల్టీకాస్ట్‌లో ప్యాకెట్‌ను ఒక్కసారే పంపితే, దారులు చీలే చోట రూటర్లే నకళ్లు తీస్తాయి కనుక ఆ భారం తొలగిపోతుంది. అయితే 1989లో స్టీవ్ డీరింగ్ ఆర్‌ఎఫ్‌సీ 1112లో (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పనితీరును నిర్దేశించే పత్రాలు) వివరించిన నమూనా ప్రకారం, పంపేవారికి వినేవారెవరో తెలియదు. ఏ గ్రూపులో, అంటే ఏ ప్రసారాన్ని కోరేవారి సమూహంలో, ఎవరు చేరారన్నది వారి దగ్గరలోని రూటర్‌కు మాత్రమే తెలుస్తుంది. ఫోన్ కదిలితే ఆ రూటరే మారిపోతుంది కనుక చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

మేము ప్రయోగానికి 2008 నాటి ప్రాక్సీ మొబైల్ ఐపీవీ6ను ఎంచుకున్నాము; ఫోన్ కదిలినా దాని చిరునామా మారకుండా నెట్‌వర్కే చూసుకునే ప్రోటోకాల్ ఇది. ఇందులో ఫోన్‌కు ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. అది చేరిన యాక్సెస్ గేట్‌వే (ఫోన్‌కు దగ్గరలోని రూటర్), దాని తరఫున యాంకర్‌తో (ఫోన్ ఎక్కడికి వెళ్లినా దాని ప్యాకెట్లను అందుకునే స్థిర రూటర్‌తో) మాట్లాడి, ఆ ప్యాకెట్లు తనకు చేరే దారిగా ఒక టన్నెల్ ఏర్పాటు చేస్తుంది. గేట్‌వేలన్నీ ఫోన్‌కు ఒకే చిరునామాతో కనిపిస్తాయి కాబట్టి తాను పాత లింక్ మీదనే ఉన్నానని ఫోన్ భావిస్తుంది. యూనికాస్ట్‌కు ఇది గొప్ప సౌలభ్యం. మల్టీకాస్ట్‌కు మాత్రం ఇదే అడ్డంకి అయింది, ఎందుకంటే కదిలినట్టు తెలియని ఫోన్ తన గ్రూపు సభ్యత్వాన్ని కొత్త గేట్‌వేకు తనంతట తాను తెలపదు.

యాంకర్ దగ్గర, రెండు గేట్‌వేల దగ్గర, ఫోన్ దగ్గర ఏకకాలంలో ప్యాకెట్లను నమోదు చేసి, ప్రసార ప్యాకెట్లపై ఉండే ఆర్‌టీపీ వరుస సంఖ్యలను పోల్చి చూశాను. రేడియో లింక్ కుదిరి యూనికాస్ట్ ప్యాకెట్లు వస్తున్న తరువాత కూడా ప్రసారం నిలిచే ఉంది. గ్రూపు సభ్యులెవరో రూటర్ తెలుసుకునే ప్రోటోకాల్ అయిన ఎంఎల్‌డీ డిఫాల్ట్ విలువల ప్రకారం రూటర్ 125 సెకన్లకొకసారి మాత్రమే సభ్యులెవరని అడుగుతుంది, జవాబుకు 10 సెకన్ల వరకు గడువిస్తుంది. 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6224 సూచించిన విధంగా, ఫోన్ చేరగానే గేట్‌వే ఆ ప్రశ్న పంపేలా ఏర్పాటు చేశాము. ఆ తరువాత కూడా, ఫోన్ ఆ గడువులో యాదృచ్ఛికంగా ఒక క్షణాన్ని ఎంచుకొని జవాబిచ్చేది. ఒకే లింక్‌ను పంచుకునే యంత్రాలన్నీ ఒక్కసారిగా బదులివ్వకుండా ఉండడానికి పెట్టిన ఆ జాప్యానికి, ఒక్క ఫోనే ఉన్న లింక్ మీద అర్థం లేదు కనుక దానిని బాగా తగ్గించాము. పలువురు పంచుకునే వైఫై లింక్‌లపై మాత్రం దానిని ముట్టుకోలేదు.

పరీక్షించే పద్ధతి గురించి ఒక మాట చెప్పాలి. కొత్త గేట్‌వే కింద అదే ప్రసారాన్ని ఇంకెవరైనా చూస్తుంటే, స్ట్రీమ్ అక్కడికి ముందే వచ్చి ఉంటుంది కాబట్టి అంతరాయం చాలా స్వల్పంగా కనిపిస్తుంది. అందుచేత ఎవరూ వినని గ్రూపుతో పరీక్షించినప్పుడే అసలు జాప్యం బయటపడుతుంది. నా దృష్టిలో ఆదరణ ఉన్న గ్రూపులతో మాత్రమే తీసిన ఫలితాలకు విలువ లేదు.

మిగిలిన అంతరాయాన్ని టైమర్లతో తగ్గించడం సాధ్యం కాదనిపించి, సభ్యత్వ వివరాలనే ఫోన్ కంటే ముందు పంపే మార్గం చూశాము. ఆర్‌ఎఫ్‌సీ 7161 ఆ వివరాలను యాంకర్ ద్వారా అందిస్తే, ఆర్‌ఎఫ్‌సీ 7411 గేట్‌వే మార్పును ముందుగా సిద్ధం చేసే ఫాస్ట్ హ్యాండోవర్ సందేశాల్లోనే పాత గేట్‌వే నుంచి కొత్త గేట్‌వేకు చేరవేస్తుంది. రెండూ 2014వే. నేను రెండవదాన్ని ఎంచుకున్నాను, ఎందుకంటే మల్టీకాస్ట్ చెట్టు (ప్రసారం మూలం నుంచి వినేవారి వరకు చీలుతూ వెళ్లే దారులు) కొత్త గేట్‌వే వైపు కొమ్మ వేసే లోపు పాత గేట్‌వే తనకు వచ్చిన ప్యాకెట్లను కొత్తదానికి మళ్లించగలదు. ఫోన్ ఊహించని గేట్‌వేకు చేరినప్పుడు మాత్రం ముందస్తు సమాచారం పనికిరాదు. చేరిన తరువాతే ఆ గేట్‌వే పాతదాన్ని సంప్రదించవలసి వస్తుంది, కొంత నష్టం తప్పదు.

పాత గేట్‌వే వైపు వృథా వేరే సమస్య. వెళ్లిపోయిన ఫోన్ సెలవు చెప్పి పోదు. డిఫాల్ట్ లెక్కలో దాని సభ్యత్వం 260 సెకన్ల వరకు బతికే ఉంటుంది, అంతసేపూ వినేవారు లేని లింక్‌పై స్ట్రీమ్ పోతూనే ఉంటుంది. లింక్ తెగిన సంకేతం రాగానే సభ్యత్వాన్ని తొలగించేలా మార్చాము. పంచుకునే లింక్‌లపై ఒక్కొక్క సభ్యుని లెక్క విడిగా ఉంచి, చివరివారు పోయాకే ప్రసారం ఆపాము.

ఇవన్నీ కుదిరాక మరొకటి బయటపడింది. వేర్వేరు యాంకర్లకు చెందిన ఇద్దరు ఒకే గేట్‌వే కింద ఒకే ప్రసారం చూస్తే, అదే స్ట్రీమ్ రెండు టన్నెళ్లలో రెండుసార్లు వచ్చేది. దేనిని ఆదా చేయడానికి మల్టీకాస్ట్‌ను ఎంచుకున్నామో అదే ఇక్కడ పోతోంది. 2013 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7028 చెప్పిన రెండు పరిష్కారాల్లో, గేట్‌వే స్థానిక మల్టీకాస్ట్ రూటర్ నుంచి నేరుగా స్ట్రీమ్ తీసుకునే పద్ధతిని అమలు చేశాము. యాంకర్ నెట్‌వర్క్‌లో మాత్రమే దొరికే ప్రసారాలకు టన్నెల్‌నే ఉంచాము.

పంపేవారే కదిలే సందర్భంలో ప్యాకెట్లు యాంకర్ ద్వారానే చెట్టులోకి వెళ్లేలా వదిలాము. దారి పొడవు పెరుగుతుంది, కానీ చెట్టు మూలం కదలదు కాబట్టి ప్యాకెట్లు వచ్చిన దిశ సరికాదని రూటర్లు వాటిని పారవేయవు.