120 రోజుల నోటుబుక్: షుగర్ రాకముందే మొదలుపెట్టిన నడక

మొదటి రోజు

హెచ్‌బిఎ1సి అనే రక్తపరీక్ష రిపోర్టులో 6.1 శాతం వచ్చింది. 5.7 కంటే తక్కువుంటే మామూలు, 6.5 నుంచి మధుమేహం కింద లెక్క. మధ్యలో ఉన్నదే ప్రీడయాబెటిస్. నాన్నకీ ఇద్దరు మేనత్తలకీ షుగర్ ఉంది కాబట్టి టెన్షన్ పడ్డాను. మందులు ఇప్పుడే అక్కర్లేదు, తిండీ వ్యాయామం సరిచేసుకుని మళ్లీ పరీక్షకు రమ్మన్నారు డాక్టరుగారు.

ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఆ రోజులన్నీ రక్తంలో తిరుగుతూ చక్కెరను తనకు అంటించుకుంటుంది. ఈ పరీక్ష కొలిచేది దాన్నే. పరీక్షకు ముందు రెండు రోజులు నోరు కట్టుకుంటే అంకె మారదన్నమాట. అందుకే నోటుబుక్ 120 రోజులకు గీసుకున్నాను.

బరువు 78 కిలోలు, నడుము 97 సెంటీమీటర్లు.

మొదటి వారం

ఏమీ మార్చలేదు, ఉన్నది ఉన్నట్టు రాశాను. వారం మొత్తంలో చురుగ్గా నడిచింది 65 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దాంతోపాటు రెండు రోజులు కండరాలకు పని. ఓ మోస్తరు అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నాకు ఇదే సులువైన కొలత అనిపించింది, ఇంతవరకు వాచీ కొనలేదు.

2 నుంచి 4 వారాలు

ఈ నోటుబుక్‌లో నాకు బాగా పనికొచ్చిన పేజీలు ఇవే. రాత్రి భోజనం అయ్యాక 15 నిమిషాల నడక పెట్టుకున్నాను. తేడా తెలుసుకోవడానికి ఒకే రకం భోజనం రెండు రాత్రులు తిని, ఒక రాత్రి కూర్చున్నాను, ఇంకో రాత్రి నడిచాను. గంట తర్వాత గ్లూకోమీటర్‌తో చూస్తే కూర్చున్న రాత్రి 176, నడిచిన రాత్రి 148. ఇలా నాలుగుసార్లు చేశాను. మూడుసార్లు తేడా కనిపించింది, ఒకసారి రెండూ దాదాపు సమానం. ఆ రాత్రి సరిగ్గా నిద్రలేదని పక్కన రాసుకున్నాను, కారణం అదే అని మాత్రం చెప్పలేను.

పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కుంటుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయని నాలాంటి వాళ్లకు అది పక్క తలుపు లాంటిది. తిన్న పావుగంటలోపే బయల్దేరాలి. గంట ఆగితే బద్ధకం వచ్చేస్తుంది, నా అనుభవం అదే.

5, 6 వారాలు

ఉత్సాహంలో ఒక్కసారిగా రోజుకు 50 నిమిషాలకు పెంచేశాను, మెట్లు కూడా ఎక్కాను. మోకాలి కింద కాలి ముందువైపు ఎముక వెంబడి నొప్పి పట్టుకుంది. చూస్తే బూట్ల మడమలు ఒకవైపు అరిగిపోయి ఉన్నాయి. ఎనిమిది రోజులు నడక మానేశాను. ఆ రోజుల్లో గోడకు ఆనుకుని పుషప్స్, పుస్తకాలు నింపిన బ్యాగు ఎత్తడం చేశాను. తిరిగి మొదలుపెట్టాక వారానికి పది, పదిహేను నిమిషాలకు మించి పెంచడం లేదు.

7వ వారం

బరువు పది రోజులుగా 76 దగ్గరే ఆగింది. చాలా నిరాశ పడ్డాను. అప్పుడు నాకు ధైర్యమిచ్చింది అమెరికాలో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం. షుగర్ వచ్చే ముప్పు ఎక్కువున్న 3,234 మందితో చేసిన ఆ అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లతో పోలిస్తే, జీవనశైలి మార్చుకున్నవాళ్లలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడినవాళ్లలో 31 శాతం. వాళ్లకు పెట్టిన లక్ష్యం వారానికి 150 నిమిషాల వ్యాయామం, 7 శాతం బరువు తగ్గడం. నా 78 కిలోల్లో 7 శాతమంటే ఐదున్నర కిలోలు. ఇది నావల్ల అయ్యే అంకె. ఆ సాయంత్రమే ఆ అంకెను నోటుబుక్ అట్ట మీద రాశాను.

తిండి

పళ్లెంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పుధాన్యాలో గుడ్డో, మిగతా పావు ముడిధాన్యం. ముందు కూరగాయలు తింటాను. తియ్యటి పానీయాలు పూర్తిగా ఆపేశాను, నాకు అన్నిటికంటే కష్టమైంది అదే. మొదటి రెండు వారాలు సాయంత్రం పూట చిరాగ్గా ఉండేది, మూడో వారానికి తగ్గింది. పీచు ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, మెల్లగా పెంచి నీళ్లు ఎక్కువ తాగాలి. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను. డబ్బాల్లో, ప్యాకెట్లలో వచ్చేవాటిలో ఉన్నది కూడా అందులోకే వస్తుంది.

12వ వారం

నాన్న కూడా రాత్రి నడకకు వస్తున్నారు. ఆయన ఇన్సులిన్ తీసుకుంటారు కాబట్టి ముందు డాక్టరును అడిగాం. ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లకు నడకతో చక్కెర మరీ పడిపోయే అవకాశముంది. నా జేబులో ఎప్పుడూ గ్లూకోజు బిళ్లలు ఉంటాయి. వణుకు, చెమట, గాభరా అనిపిస్తే దాచుకోకుండా వెంటనే చెప్పమన్నాను.

120వ రోజు

హెచ్‌బిఎ1సి 5.8. బరువు 73.9, నడుము 92. కండరాల కోసం చేసే, కుర్చీలోంచి లేచి కూర్చోవడం 8 సార్ల నుంచి 20 సార్లకు వచ్చింది. గత నాలుగు వారాల్లో సగటు నడక వారానికి 170 నిమిషాలు. 5.7 గీత కిందికి రావడానికి ఇంకా కొంచెం ఉంది, కానీ రిపోర్టు చూసి నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

కొత్త నోటుబుక్‌కి కూడా 120 గళ్లు గీశాను. మొదటి గడిలో ఈ రాత్రి నడక రాశాను: ఇద్దరం, 18 నిమిషాలు.