హిన్నోము లోయ అంచున రెండు వెండి రేకులు

"యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక..." ఆదివారం ఆరాధన చివర పాస్టర్‌గారు చెయ్యెత్తి ఇచ్చే ఈ దీవెన మనలో చాలామందికి కంఠతా వచ్చు. సంఖ్యాకాండము 6:24-26. ఇదే దీవెనను సుమారు 2600 ఏళ్ల కిందట ఎవరో వెండి రేకు మీద గీయించుకున్నారు.

1979లో యెరూషలేము పాత పట్టణానికి నైరుతి దిక్కున, కెతెఫ్ హిన్నోము అనే చోట, పురావస్తు శాస్త్రవేత్త గబ్రియేల్ బర్కాయ్ రాతిలో తొలిచిన సమాధులను తవ్వించారు. చాలావాటిని దొంగలు ఎప్పుడో దోచేశారు. ఒక గదిలో మాత్రం పైకప్పు పెళ్ళ ఊడిపడి నేలలా పరుచుకుపోవడంతో కిందది వాళ్ల కంట పడలేదు. సాయానికి వచ్చిన ఒక పిల్లవాడు సుత్తితో కొడితే ఆ నేల పగిలింది. అడుగున వెయ్యికి పైగా వస్తువులు, వాటి మధ్య చుట్టచుట్టిన రెండు చిన్న వెండి రేకులు!

మన తాయెత్తులో రాగిరేకు చుట్టి పెడతారే, దాదాపు అలాగే. చుట్ట మధ్యలో దారం పట్టేంత సందు ఉంది. మెడలో వేసుకునేవారని పండితుల అభిప్రాయం. పెళుసెక్కిన వెండి విరిగిపోకుండా విప్పడానికి ఇజ్రాయెల్ మ్యూజియం వారికి దాదాపు మూడేళ్లు పట్టింది. పెద్దది 10 సెంటీమీటర్లు, చిన్నది 4. బైబిలు ప్రాచీన ప్రతులున్న మృత సముద్రపు చుట్టలకంటే ఇవి దాదాపు 400 ఏళ్లు పాతవి.

నన్ను కదిలించింది ఆ చిన్న రేకే. అందులో దేవుణ్ణి "చెడును గద్దించువాడు" అని పిలిచి, ఆ తర్వాత దీవెన రాశారు. చోటు చాలకనో ఏమో, దీవెనను కుదించేశారు. మిగిలినవి ఇవి: ఆశీర్వదించి కాపాడాలి, తన సన్నిధిని ప్రకాశింపజేయాలి, సమాధానం ఇవ్వాలి. అమ్మకు ఆపరేషన్ అన్న ముందురోజు రాత్రి, టెన్షన్‌తో నిద్రపట్టక మేం చదువుకున్నదీ ఈ వచనాలే. మేం అడిగినవీ ఆ మూడే.

ఆ స్థలం కూడా మరిచిపోలేనిది. కెతెఫ్ అంటే భుజం. అది హిన్నోము లోయ భుజం. ఆ లోయలోని తోఫెతు అనే చోటే తల్లిదండ్రులు తమ కొడుకులను, కూతుళ్లను అగ్నిలో దహించారని యిర్మీయా 7:31లో దేవుడు దుఃఖపడ్డాడు. యిర్మీయా కాలమూ, ఈ రేకుల కాలమూ ఇంచుమించు ఒకటే. పిల్లల్ని మంటకిచ్చిన లోయ పైనే, "నిన్ను కాపాడునుగాక" అన్న మాటను గుండెల మీద వేసుకుని ఎవరో తిరిగారు.

మళ్లీ సంఖ్యాకాండము 6కు వస్తే, 27వ వచనంలో, యాజకులు ఇశ్రాయేలీయుల మీద "నా నామమును ఉచ్చరించుటవలన" అని మన తెలుగు బైబిల్లో ఉంది. హీబ్రూలో ఆ మాటకు "ఉంచుట" అని అర్థం. పైగా 23వ వచనం చెప్పేది జనమంతటినీ దీవించమని. దీవెన మాత్రం "మిమ్మును" అనలేదు, "నిన్ను" అంది. ఆ రేకు మీద ఉన్నదీ ఆ "నిన్ను"నే. ఒక్క మనిషికి, ఒక్క మెడకు.